కథలో శిక్ష, కథ బయట శిక్ష

మన అభ్యుదయ కథల్లో భూస్వాములు చాలా సులువుగా చచ్చిపోతారు. మొదటి మూడు పేజీల్లో దొర గడీ ముందు కూచుని అప్పుల పద్దు తిరగేస్తాడు. నాలుగో పేజీలో పాలేరు పెళ్ళాం మీద కన్ను వేస్తాడు. అయిదో పేజీలో పాలేరు పిడికిలి బిగుస్తుంది. చివరి పేరాలో గొడ్డలి లేస్తుంది, తూర్పున ఎర్రగా పొద్దు పొడుస్తుంది. కథల పోటీలకు వచ్చిన రాతప్రతులు చదివే పని నాకు కొన్నిసార్లు తగిలింది. ప్రతిసారీ ఓ డజను మంది దొరలైనా నా బల్ల మీద హతమయ్యారు. బయట మాత్రం వాళ్ళు క్షేమంగానే ఉన్నారు. వాళ్ళ కొడుకులు రైసు మిల్లులూ, కాంట్రాక్టులూ నడుపుకుంటున్నారు.

అహింసను బోధించటానికి ఈ వ్యాసం రాయటం లేదు. గొడ్డలి పట్టటం తప్పా ఒప్పా అన్న చర్చ వేరే ఉంది, దాన్ని నాకంటే బాగా చేసినవాళ్ళున్నారు. నా అభ్యంతరం లెక్కకు సంబంధించింది. దొర చావగానే పాఠకుడి కోపం చెల్లిపోతుంది. 'ఈ ఊరు ఎందుకిలా ఉంది?' అన్న ప్రశ్నతో కథలోకి వచ్చినవాడు 'వాడికి తగిన శాస్తి జరిగింది' అనుకుంటూ బయటికి పోతాడు. మొదటి ప్రశ్నకు జవాబు దొరకలేదన్న సంగతి అతనికి గుర్తుండదు. రచయితకూ గుర్తుండదు. ఒక వర్గం చేసిన పనికి ఒక మనిషిని శిక్షించి, ఆ వర్గానికి రసీదు రాసి ఇచ్చినట్టవుతుంది.

ఇతరులకు అన్యాయం చేసినవాడికి ఏది న్యాయమైన శిక్ష? ఈ ప్రశ్నతోనే మన ఆధునిక కథ పుట్టింది. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'ను సంస్కరణ కథగా, భాషకు మేలుబంతిగా పాఠాలు చెబుతున్నాం. అది శిక్ష కథ కూడా అని ఎందుకో చెప్పం. గోపాలరావు సానిదాని పాటకు మరిగి అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. కమలిని ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది. ఆమె వేసిన శిక్ష ఇంతే: కొద్దిసేపు భయం, తనను తాను చూసుకోక తప్పని ఒంటరితనం. కథ పేరు 'దండన' కాదు, 'దిద్దుబాటు'. బడిపంతులుగా నాకు ఆ మాట మీద ప్రత్యేకమైన మమకారం ఉంది. దిద్దేవాడు తప్పు రాసిన కాగితాన్ని చించడు; తప్పు పక్కన ఒప్పు రాస్తాడు. తప్పు రాసినవాడి చేతే మళ్ళీ రాయిస్తాడు.

ఈ కథ చెప్పి మా పదో తరగతి పిల్లల్ని అడిగాను, గోపాలరావుకు ఈ శిక్ష సరిపోయిందా అని. సరిపోయిందని మగపిల్లలు ముక్తకంఠంతో అన్నారు. ఆడపిల్లల్లో చాలామంది సరిపోలేదన్నారు. ఒకమ్మాయి, "ఆమెకు సదువొచ్చు గనక ఉత్తరం రాసింది సార్, సదువు రానామె ఏం జేయాలె?" అని అడిగింది. దిద్దుబాటు మీద నేను చదివిన వ్యాసాలలో ఈ ప్రశ్న నాకు కనిపించలేదు. కమలిని వేసిన శిక్ష పనిచెయ్యటానికి కొన్ని వసతులు కావాలి: ఆమెకు అక్షరం ఉండాలి, వెళ్ళిపోతానంటే తలుపు తెరిచే పుట్టిల్లు ఉండాలి, భర్తకు ఆమె అవసరం ఉండాలి. ఈ మూడూ లేనిచోట దిద్దుబాటు జరగదు. బలవంతుడు బలహీనుడి మాటకు దిద్దుకోడు. గురజాడకు ఈ సంగతి తెలుసు. 'కన్యాశుల్కం'లో గిరీశానికి జైలు పడదు. సౌజన్యారావు పంతులు గుమ్మం నుంచి గెంటివేత పడుతుంది. బుచ్చమ్మ పూనా విధవాశ్రమానికి పోతుంది. నష్టపోయిన మనిషికి ముందు ఒక దారి చూపి, తప్పుచేసినవాడి సంగతి తరవాత చూసుకునే ఈ పద్ధతి మన తరవాతి కథకుల్లో చాలామందికి అబ్బలేదు.

తెలంగాణ పల్లెల్లో శిక్షకు వాడుకలో ఉన్న మాట 'దండుగ'. కుల పంచాయితీలో తప్పు తేలితే దండుగ కట్టాలి. అదే మాట కాస్త అరిగి 'దండగ' అయింది. వృథా అని దాని అర్థం. కట్టినవాడి వైపు నుంచి చూస్తే ఈ రెండు అర్థాలకూ తేడా లేదు. దండుగ సొమ్ము ఎవరికి పోయేది? అన్యాయం జరిగిన మనిషికి అందులో దక్కింది తక్కువ. పెద్దమనుషులకూ, కల్లుకూ పోయింది ఎక్కువ. మా సీమవాడు సురవరం ప్రతాపరెడ్డి 'మొగలాయి కథలు'లో 'గ్యారా కద్దూ, బారా కొత్వాల్' అని పెట్టిన పేరొక్కటి చాలు. పదకొండు గుమ్మడికాయలకు పన్నెండుగురు కొత్వాళ్ళున్న చోట న్యాయం ఎటు పోతుందో చెప్పనక్కర లేదు. ఇక దొరల గడీల్లో దండుగ కట్టలేనివాణ్ణి ఎండలో వంగబెట్టి వీపు మీద బండ ఎత్తేవారు. అది శిక్ష పేరుతో నడిచిన పాలన. శిక్ష పడినవాడు తప్పు చేశాడా లేదా అన్నది అక్కడ చివరి విషయం.

మా పాన్‌గల్ చుట్టుపక్కల నుంచి, వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ప్రాంతాల నుంచి తరతరాలుగా జనం మట్టిపనికి పోయారు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేదంటే అతిశయోక్తి లేదు. గుంపు మేస్త్రి పండగ ముందు అడ్వాన్సు ఇచ్చి మొగుడూ పెళ్ళాల జతను కొనుక్కునేవాడు. అక్కడికి పోయాక కూలి ఎంతో, లెక్క ఎవరిదో తెలియదు. తిరిగొస్తామంటే అప్పు తీరలేదనేవాడు. ఈ అన్యాయానికి చట్టంలో ధర ఎంత? 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇంట్లో జొరబడి చెంబు దొంగిలిస్తే ఏడేళ్ళ వరకు వెయ్యవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఇంటి దొంగతనానికి ఆ ఏడేళ్ళు అలాగే ఉన్నాయి. ఒక మనిషి కొన్నేళ్ళ చెమటను దొంగిలిస్తే మూడు, చెంబును దొంగిలిస్తే ఏడు. శిక్ష పరిమాణాన్ని బట్టి సమాజం దేన్ని ఆస్తిగా గుర్తించిందో పసిగట్టవచ్చు. ఇందుకు పెద్ద సిద్ధాంత గ్రంథాలు అక్కరలేదు, రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టుకుని చదివితే చాలు. (కొత్త సంహితలో చిన్న దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగి ఇచ్చేసినవాడికి సమాజ సేవ చేయించే శిక్ష ఒకటి చేర్చారు. ఉన్నంతలో అది మంచి చేర్పు.)

ఇంకో సంగతి. విడుదలైన వెట్టి కూలీకి పునరావాసం కోసం 2016లో కేంద్రం సవరించిన పథకం లక్ష నుంచి మూడు లక్షల దాకా సాయం ప్రకటించింది. తక్షణం చేతికి వచ్చేది అప్పట్లో ఇరవై వేల దాకా ఉండేది. అసలు మొత్తాన్ని యజమాని మీద నేరం రుజువు కావటంతో ముడిపెట్టారు. అంటే యజమానికి శిక్ష పడితేనే కూలీకి అన్నం. సాక్షి బతకాలంటే కేసు గెలవాలి, కేసు గెలవాలంటే సాక్షి అన్నాళ్ళూ బతికి ఉండాలి. ఈ ముడిని కథగా మలచగలిగినవాడికి గొడ్డలి అవసరం రాదు.

అలా మలచగలిగినవాడు మనకున్నాడు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' వచ్చి ఆరు దశాబ్దాలయినా దాని మీద వాదం తెగలేదు. సుందరపాలెంలో పంచాయితీ కూర్చుంటుంది. గోపన్నకు అప్పల్రాముడు బాకీ ఉన్నాడు. శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు చేసినవాడు, ఓపికగా అందరి మాటా వింటాడు. తీసుకున్న అప్పు తీర్చాలన్న ధర్మం దగ్గర అప్పల్రాముడు తలవంచుతాడు. తన సంతానం పాలికాపులుగా బతకవలసి వస్తుందని తెలిసి సీతారాముడు కన్నకొడుకును నరికి తెచ్చి పంచాయితీ ముందు పడేస్తాడు. ఆ ముగింపు అసహజమనీ, రచయిత పాఠకుణ్ణి బెదిరించాడనీ అన్నవాళ్ళున్నారు. వర్గకసి బిడ్డ మీద చూపటమేమిటి, దొర మీద చూపాలి గదా అన్నవాళ్ళూ ఉన్నారు. రెండో మాట అన్నవాళ్ళు నేను మొదట చెప్పిన గొడ్డలి కథల పాఠకులు. సీతారాముడు నాయుణ్ణి నరికి ఉంటే మనం తృప్తిగా పుస్తకం మూసేవాళ్ళం. నాయుడు పోతే ఇంకో నాయుడు వచ్చి అదే అరుగు మీద అదే తీర్పు అంతే మర్యాదగా చెప్పి ఉండేవాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కథ ఎక్కడ ఆగిందన్నది. పోలీసులు రాకముందే ఆగింది. ఆ తరవాత జరిగేది మనకు తెలుసు: సీతారాముడి మీద హత్యానేరం, కోర్టు, యావజ్జీవమో ఉరో. అరుగు మీద కూర్చున్నవాళ్ళెవరికీ ఏ సెక్షనూ వర్తించదు. వాళ్ళు సాక్షులుగా వస్తారు. హత్య చేసినవాడు దోషే. ఆ పసివాడి ప్రాణం తీసే హక్కు తండ్రికి లేదు, ఈ మాటను దాటవెయ్యటం పసివాడికి ద్రోహం. కాని శిక్ష అక్కడికే పరిమితమైతే సుందరపాలెంలో ఏం తేలినట్టు? కథ వచ్చిన పుష్కరం తరవాత వచ్చిన 1976 చట్టం, అప్పుకు మనిషిని కట్టివేసే ఏర్పాటును నేరంగా ప్రకటించింది; అటువంటి అప్పు చెల్లదంది. అంటే ఆ అరుగు మీద ధర్మంగా వినిపించిన తీర్పు అమలై పిల్లలు పాలికాపులయితే, ఆ ఏర్పాటే నేరం. పుష్కరం ముందే ఆ సంగతిని ఒక కథకుడు చట్టం సాయం లేకుండా చూడగలిగాడు. ఎవరినీ శిక్షించకుండా చూపాడు. కారా గొప్పతనం అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయన కథ చదివి మూసేసినా పద్దు మూతపడదు.

రావిశాస్త్రి దారి వేరు. ఆయన వకీలు, కోర్టు లోపలి సంగతి తెలిసినవాడు. 'ఆరు సారా కథలు'లోని 'మాయ'లో ముత్యాలమ్మ సారా కేసులో ఇరుక్కుంటుంది. ఆమెను కాపాడటానికి వచ్చిన కుర్రవకీలు చివరికి ఆమె దగ్గరే చట్టం చదువుకుంటాడు. పట్టుకునేవాడూ, విచారించేవాడూ, వాదించేవాడూ అందరూ ఆమె సారా మీదే బతుకుతున్నప్పుడు ఆమెకు పడే శిక్ష వాళ్ళ వ్యాపారంలో ఒక ఖర్చు. ఇందుకే 1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమం నాకు సాహిత్య విమర్శలాగా కనిపిస్తుంది. ఆ ఆడవాళ్ళు ఏ ముత్యాలమ్మకో శిక్ష వెయ్యమని అడిగి ఊరుకోలేదు. వేలంపాటనే అడ్డుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఇంతవరకు నాతో ఏకీభవించే మిత్రులు ఇక్కడి నుంచి విభేదిస్తారని తెలుసు.

1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. ఎమర్జెన్సీ చీకటిలో కూడా ఆ ఉరి వద్దన్న రచయితలున్నారు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది మరణించారు. దోపిడీకి పోయిన ఇద్దరు దళిత యువకులు చలపతి, విజయవర్ధనం చేసిన పని అది. దానిలో విప్లవం లేదు, వర్గపోరాటం లేదు. కాలిపోయినవాళ్ళు మామూలు ప్రయాణికులు. అయినా వారికి ఉరి తగదని మన రచయితలు ఊరూరా తిరిగారు, మహాశ్వేతాదేవి గొంతు కలిపారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అప్పుడు మనం అడిగిన ప్రశ్న ఒకటుంది: 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినవాళ్ళ కేసు నత్తనడక నడుస్తుంటే, ఈ ఇద్దరి కేసు మాత్రం ఉరికంబం దాకా ఎలా పరుగెత్తింది? ఆ ప్రశ్న ఎంత సరైనదో తరవాత తేలింది. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కనుక శిక్షలే వద్దని నేననటం లేదు. చుండూరు తల్లుల ముందు నిలబడి ఆ మాట అనగల రచయిత ఉంటే అతనికి దణ్ణం. వాళ్ళకు శిక్ష కావాలి, ఎందుకంటే శిక్ష పడకపోవటమంటే తమవాళ్ళు చావదగినవాళ్ళేనని లోకం చెప్పటమే.

ఇక 2019. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లి వంతెన కింద కాల్చారు. పోలీసులు పట్టుకున్న నలుగురూ లారీ పని చేసుకునే కుర్రాళ్ళు, మన పాత పాలమూరు జిల్లా పల్లెలవాళ్ళు. డిసెంబరు 6 తెల్లవారుజామున అదే వంతెన దగ్గర నలుగురూ పోలీసు తూటాలకు చచ్చిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ వారం పత్రికలకు వచ్చిన కవిత్వం నేను చదివాను. భూమయ్య, కిష్టాగౌడ్‌ల మీద కవితలు రాసిన తరం చూస్తుండగానే, ఆ తరం శిష్యులమని చెప్పుకునేవాళ్ళు కొందరు తూటాకు జేజేలు కొట్టారు. మరికొందరు ఊరుకున్నారు.

వ్యాకరణం చెప్పే పంతుల్ని గనక ఒక చిన్న విషయం. ఆ కవితల్లో ఆ నలుగురి గురించి 'చేసిన' అని ఉంది. 'చేశారని పోలీసులు చెప్పిన' అని లేదు. ఈ రెండు క్రియల మధ్య దూరమే విచారణ. ఆ దూరం కొలిచే పని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మీద పడింది. 2022లో బయటికి వచ్చిన దాని నివేదిక పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదంది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలంది. నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లంది. అప్పటికి పూలు వాడిపోయి రెండేళ్ళు దాటింది.

'నీ కూతురైతే ఇలాగే రాస్తావా?' అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నా కూతురైతే నేనూ తుపాకి అడుగుతానేమో. ఆ తల్లిదండ్రుల కోపాన్ని తూచే అర్హత నాకు లేదు, ఎవరికీ లేదు. కాని వాళ్ళ కోపం వాళ్ళది. దాన్ని అరువు తెచ్చుకుని రాజ్యం చేసిన పనికి ముద్ర వెయ్యటం రచయిత పని కాదు. పైగా ఆ తూటాలు ఆ అమ్మాయికి న్యాయం చేశాయా? విచారణ జరిగి ఉంటే ఆ రాత్రి ఏం జరిగిందో, బిడ్డ ఇంటికి రాలేదన్న కుటుంబానికి ఏ ఠాణాలో ఏ జవాబు వచ్చిందో అన్నీ కోర్టులో తేదీలతో సహా నమోదయ్యేవి. ఆ కథ ఆమెది. ఆ కథను కూడా వంతెన కిందే పూడ్చారు. మన గొడ్డలి కథల చివరి పేరా రాజ్యం చేతికి చిక్కితే ఇలాగే ఉంటుంది. తెల్లవారుజాము, ఎర్రటి పొద్దు, తగిన శాస్తి. శిల్పం మనదే. మనం అలవాటు చేసిన ముగింపే.

రెండువైపులా ఒకే కొలత వాడమని నేనంటే, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే కొలత ఎలా సాధ్యమని మిత్రుడొకడు వాదించాడు. నిజమే, ఒకే శిక్ష ఇద్దరి మీదా ఒకేలా పడదు. వెయ్యి రూపాయల జరిమానా మేస్త్రికి సిగరెట్ల ఖర్చు, కూలీకి నాలుగు రోజుల తిండి. కాని శిక్ష వెయ్యటానికి ముందు వినటం అన్నది ఒకటుంది. అది ఇద్దరికీ ఒకే కొలతలో దక్కాలి. చుండూరు నిందితులకు పెద్ద వకీళ్ళు వినిపించారు. పాలమూరు కుర్రాళ్ళను ఎవరూ వినలేదు.

వినటం సాహిత్యానికి చేతనైన పని. వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం జైళ్ళలో రాజకీయ ఖైదీగా గడిపాడు. ఆయన ఉన్న కాలం అటువంటిది, స్వీయ వీరగాథ రాసుకుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆయన 'జైలు లోపల' కథల్లో పక్క బ్యారక్‌లోని మామూలు ఖైదీలను, దొంగలను, కూనీకోరులను కూర్చోబెట్టి వాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పించాడు. వాళ్ళ నేరాన్ని కడిగెయ్యలేదు. నేరానికి ముందున్న రోజుల్ని కూడా లెక్కలో వేశాడు. కథలు కొన్ని పలచగా ఉంటాయి, ఉపన్యాసం తొంగిచూస్తుంది. ఆ లోపాలు ఎత్తిచూపటం సులువు. కాని నేరం చేసినవాణ్ణి దగ్గర కూర్చుని చూసిన కథకులు అప్పట్లో మనకు ఎందరున్నారు? ఇప్పుడైనా ఎందరున్నారు?

పాలమూరు వలస మీద పాటలూ కథలూ దండిగా వచ్చాయి. వాటిలో మేస్త్రి ఎప్పుడూ మీసాల రాక్షసుడు. మా మండలంలోనే నాకు తెలిసిన మేస్త్రీలలో సగంమంది ఒకప్పుడు తట్ట మోసినవాళ్ళు. పైనున్న కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తెచ్చి కిందికి పంచుతారు. జత పారిపోతే ఆ డబ్బు వీళ్ళ మెడకు పడుతుంది. అందుకని వీళ్ళు పారిపోయినవాళ్ళ ఇంటి తలుపులు ఊడబీకుతారు. చట్టం ఎప్పుడైనా వస్తే పట్టుకునేది ఈ మేస్త్రినే; కాంట్రాక్టరు పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఈ మేస్త్రి జేబులో చేతివేళ్ళ మురికి పట్టిన చిన్న నోటుబుక్కు ఒకటి ఉంటుంది: ఎడమవైపు జతల పేర్లు, కుడివైపు ఇచ్చిన అంకెలు, అట్ట లోపలి వైపు అతను తాను బాకీ ఉన్న అంకె. దొర మీద కథ రాయబోయే కుర్ర రచయితలు వచ్చే పండక్కి మా ఊరి బస్టాండుకు వస్తే, అతన్ని అడిగి ఆ నోటుబుక్కు చూపించగలను.